అడక్కుండా వచ్చిన నిశ్శబ్దం: మఠవాసుల ఏకాంతం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కొబ్బరితోట | సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. నేను రిటైరైన తెలుగు పంతుల్ని. భీమవరం వైపు పల్లె. మాది మూడు తరాల లూథరన్ కుటుంబం. పోయిన సెప్టెంబరులో మా ఆవిడ ప్రభువునందు నిద్రించింది. అమ్మాయి హైదరాబాదులో, అబ్బాయి డాలస్‌లో ఉంటారు. ఇద్దరూ వచ్చెయ్యమంటారు. నాకే ఈ ఇల్లు వదిలి కదలబుద్ధి కావడం లేదు.

ముప్పై నాలుగేళ్లు ఈ ఇంట్లో తెల్లారితే వంటింట్లో గిన్నెల చప్పుడు, దానిమీదుగా ఆవిడ పాడుకునే పాత కీర్తన. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటితే ఫ్రిజ్జు మోత తప్ప ఏమీ వినబడదు. ఆ మోత ఆగినప్పుడు ఇంకా భయమేస్తుంది.

ఈమధ్య ఈజిప్టు ఎడారిలో బతికిన తొలినాటి క్రైస్తవ సన్యాసుల గురించి చదువుతున్నాను. ఉన్నదంతా వదులుకుని వాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది ఈ నిశ్శబ్దాన్నే కదా అనిపించింది. వాళ్లు కోరి వెళ్లారు. నాకు అడక్కుండా వచ్చిపడింది. రెండూ ఒకటేనా? ఒకటే అయితే వాళ్లు అందులో ఎలా కూర్చోగలిగారు? మా సంఘంలో అడిగితే "కూడికలకు రండి మాస్టారూ, అంతా సర్దుకుంటుంది" అంటున్నారు. వెళ్తూనే ఉన్నాను. తిరిగొచ్చి తాళం తీస్తే మళ్లీ అదే ఇల్లు.

పాతగ్రంథం | సోమవారం, రాత్రి 10:55

మాస్టారూ, నమస్కారం. ముందుగా మీకు నా సానుభూతి.

ఎడారి సన్యాసులకు పెద్దదిక్కని చెప్పే ఆంటోనీ కథ ఒకసారి మళ్లీ చూడండి. పుట్టింది 251 ప్రాంతంలో. కలిగిన కుటుంబం, మంచి పొలాలు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో తల్లీతండ్రీ ఇద్దరూ పోయారు. చిన్న చెల్లెలు చేతిలో ఉంది. వాళ్లు పోయి ఆర్నెల్లు కూడా తిరక్కముందే ఒకరోజు గుడికి నడుస్తూ నడుస్తూ ఆలోచనలో పడ్డాడు, లోపల అడుగుపెట్టేసరికి "నీ ఆస్తి అమ్మి బీదలకిమ్ము" అన్న సువార్త వాక్యం చదువుతున్నారు. అక్కడ మొదలైంది. అంటే ఆయన దారి కూడా చావు జరిగిన ఇంటినుంచే మొదలైంది. ఈ ముక్కను చాలామంది దాటేసి నేరుగా ఎడారిలోకి వెళ్లిపోతారు. మీ పోస్టు చదివాక నాకు అదే గుర్తొచ్చింది.

రెండోది. తర్వాత ఆయన నైలు నదికి తూర్పున పాడుబడ్డ కోటలో తలుపు మూసుకుని దాదాపు ఇరవై ఏళ్లు ఒంటరిగా ఉన్నాడు. చూడవచ్చినవాళ్లు బయటే పడిగాపులు పడేవారు. లోపలినుంచి ఏం వినబడేదో తెలుసా? గుంపులు గుంపులుగా జనం అరుస్తున్నట్టు గోల. ఎవరో నిచ్చెనలేసుకుని దిగారేమో అనుకుని కన్నంలోంచి చూస్తే ఒక్కడే ఉన్నాడు. 356లో ఆంటోనీ చనిపోయాక ఆ జీవితచరిత్ర రాసిన అతనాసియస్ దాన్ని దయ్యాల పోరాటమని రాశాడు. మీరు ఎలా అర్థం చేసుకున్నా ఒకటి మాత్రం ఖాయం: తలుపు మూసుకున్నవాడికి మొదట ఎదురైంది ప్రశాంతత కాదు.

కాబట్టి ఫ్రిజ్జు మోత ఆగినప్పుడు భయమేస్తే అది మీ భక్తిలో లోపం అనుకోకండి.

మందిరంగంట | మంగళవారం, ఉదయం 6:12

ప్రభువు పేరట వందనాలు మాస్టారూ. నేను సేవలో ఉన్నవాణ్ణి, అందుకని దాచుకోకుండా చెప్తున్నాను. ఈ సన్యాసం, గుహలు, మౌనం బైబిల్లో ఎక్కడున్నాయి? మొట్టమొదట దేవుడు మంచిది కాదు అన్న సంగతే ఒంటరితనం: "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు." యేసయ్య పెళ్లి విందుకు వెళ్లాడు, సుంకరులతో భోంచేశాడు, జనం మధ్య తిరిగాడు. ఎడారికి పారిపోతే పొరుగువాణ్ణి ఎవరు ప్రేమించాలి? మాస్టారిలాంటి బాధలో ఉన్న మనిషికి "నిశ్శబ్దం మంచిది, కూర్చోండి" అని చెప్పడం నాకు సరిగ్గా అనిపించడం లేదు. మనిషికి మనిషి కావాలి.

పాతగ్రంథం | మంగళవారం, ఉదయం 8:30

అన్నా, మీ ప్రశ్న కొత్తది కాదు. నాలుగో శతాబ్దంలోనే ఒక సన్యాసి ఇది అడిగాడు. కప్పదొకియ ప్రాంతపు బసిలు, స్వయంగా మఠాలు కట్టినవాడు, సన్యాసులకు నియమాలు రాసినవాడు. ఒంటరిగా బతికేవాణ్ణి ఆయన నిలదీసింది ఏమిటంటే, ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు గదా, నువ్వు ఎవరి పాదాలు కడుగుతావు? ఎవరూ లేనిచోట నీ తగ్గింపు ఎవరిముందు చూపిస్తావు? ఓర్పు పట్టడానికి నీ మాట కాదనే మనిషి ఎక్కడ?

ఎడారివాళ్లు కూడా మనం అనుకునేంత ఏకాకులు కారు. కెల్లియా అని ఒక స్థావరం ఉండేది, నైలు డెల్టాకు పడమరగా. "గదులు" అనే దాని అర్థం. ఒకరి గొంతు ఇంకొకరికి వినబడనంత ఎడంగా గదులు. వారంలో ఐదు రోజులు ఎవరి గదిలో వాళ్లు తాటాకులు నానబెట్టి తాళ్లు పేనుకుంటూ, బుట్టలల్లుకుంటూ, కీర్తనలు చెప్పుకుంటూ. శని ఆదివారాలకు అందరూ గుడికి వచ్చేవారు, కలిసి తినేవారు. ఎవడైనా రాకపోతే ఏమైందోనని గదికి వెళ్లి చూసేవారు. ఏకాంతం ఉంది, దానిచుట్టూ కనిపెట్టి చూసే మనుషులూ ఉన్నారు.

బైబిల్లో ఎక్కడుందంటారా, మార్కు ఒకటో అధ్యాయం మీకు నేను చెప్పాలా అన్నా. కపెర్నహూములో ఊరంతా తలుపు దగ్గర కూడిన మర్నాడు ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లాడు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో మళ్లీ ఊళ్లకు నడిచాడు.

నైట్‌డ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సార్, నేను కువైట్ల నర్సుని. మాది జగిత్యాల దిక్కు. పెద్ద పెద్ద పుస్తకాల సంగతి నాకు తెల్వదు గాని ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోకుండ్రి. తిండి సక్కగ తింటున్నరా? నిద్ర పడ్తున్నదా? బీపీ ఎప్పుడు చూపిచ్చుకున్నరు? మనిషి పోయినంక మొదటి ఏడాది ఇంట్ల ఉన్నోళ్లు సప్పుడు గాక కుంగిపోతరు. అందరు దుఃఖమే అనుకుంటరు, అండ్ల కొంత చికిత్స చేస్తే తగ్గే జబ్బు ఉంటది. నేను రోజు చూస్త.

రాత్రి డ్యూటీల రెండు నుంచి నాలుగు దాంక వార్డు నిశ్శబ్దం ఉంటది. మానిటర్ల సప్పుడు తప్ప ఏముండది. ఆ గంటల నేను మస్తు ప్రార్థన చేసిన. అదే గంటల మస్తు ఏడ్చిన కూడ, మా పాప ఆడ, నేను ఈడ. రెండు ఒకటే కుర్చీల కూసొని జరిగినయ్. అందుకే మీ సవాలు నాకు సమజైంది సార్.

కొబ్బరితోట | మంగళవారం, రాత్రి 9:05

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అమ్మా నైట్‌డ్యూటీ, తింటున్నాను. రాత్రిపూట మాత్రం పాలతో సరిపెడుతున్నాను. బీపీ సంగతి ఆవిడే చూసేది.

నాకు అసలు కష్టం రాత్రి కాదు, మధ్యాహ్నం. పదకొండు గంటలకు వంటమనిషి వెళ్లిపోతుంది. అక్కణ్ణుంచి రెండున్నర దాకా గడియారం కదలదు. పేపరు తీస్తాను, మడుస్తాను. వీధిగుమ్మం దాకా వెళ్లి ఎవరన్నా వస్తున్నారేమోనని రోడ్డుకేసి చూస్తాను. ఈ ఊరొదిలేసి డాలస్ వెళ్లిపోతే నయమేమో అనిపిస్తుంది. మూడు దాటితే ఆ ఆలోచనే ఉండదు. ఏదో తెర దిగినట్టు, తర్వాత తీసేసినట్టు. ఇది ఆ సన్యాసులకు కూడా ఉండేదా?

ఆశ్రమబాట | మంగళవారం, రాత్రి 11:48

మాస్టారూ, ఇన్నాళ్లూ ఈ వేదికలో చదివి వెళ్లిపోయేవాణ్ణే తప్ప రాసింది లేదు. మీ చివరి పోస్టు చూశాక ఊరుకోలేకపోతున్నాను.

మీరు రాసింది అక్షరం అక్షరం పదహారు వందల ఏళ్ల కిందట ఒకాయన రాశాడు. ఎవాగ్రియస్ అని, కెల్లియాలోనే ఉన్నాడు, 399లో చనిపోయాడు. సన్యాసిని పట్టే ఎనిమిది రకాల ఆలోచనల్లో ఒకదాన్ని "మధ్యాహ్నపు దయ్యం" అన్నాడు. గ్రీకులో దాని పేరు అకేడియా. ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నం రెండింటి దాకా మనిషిని చుట్టుముడుతుందట. సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట. కిటికీలోంచి తొంగిచూడటం, తిండివేళ ఇంకెంత దూరముందో ఎండను చూసి లెక్కకట్టడం, ఎవరన్నా వస్తున్నారేమోనని గది బయటికి రావడం. తర్వాత ఈ చోటు బాగాలేదు, ఇంకో చోటికి పోతే బాగుంటుంది, ఇక్కడ నన్ను పట్టించుకునేవాడు లేడు అనే మాటలు. ఆపైన చుట్టాలు, పాత రోజులు గుర్తుకు రావడం. మీ వీధిగుమ్మం, డాలసు, గడియారం అన్నీ అందులో ఉన్నాయి.

దానికి ఆయన చెప్పిన మందు నాకు బాగా ఇష్టం. గది వదలొద్దంటాడు. ఏడుపొస్తే ఏడవమంటాడు. మనసును రెండు భాగాలు చేసుకుని ఒక భాగం రెండోదాన్ని ఓదార్చాలంటాడు, కీర్తనలోని మాటతోనే: "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" ఆ కీర్తన మనం చిన్నప్పట్నుంచి చదువుతున్నాం గానీ, ఒక మనిషి మధ్యాహ్నం పూట గదిలో కూర్చుని తనతో తాను గట్టిగా చెప్పుకోవాల్సిన మాటగా నేనెప్పుడూ చూడలేదు.

నేను బెనెడిక్టు నియమం పాటించే ఒక మఠంలో రెండేళ్లు నవశిష్యుడిగా ఉన్నాను. తర్వాత బయటికొచ్చేశాను, ఇప్పుడు పెళ్లీ పిల్లలూ. అక్కడ మొదటి నెల నాకు పట్టినది ఇదే. పదకొండింటికి కూరగాయల తోటలో కలుపు తీస్తూ ఉండేవాణ్ణి. వంగ మొక్కల వరస చివరికి ఎప్పటికీ చేరుకోనేమో అనిపించేది. ఒకరోజు కొడవలి పారేసి గేటు దాకా నడిచాను. పెద్ద బ్రదర్ ఒకాయన చూసి ఏమీ అనలేదు. ఆ కొడవలి తెచ్చి నా చేతికిచ్చి, పక్క వరసలో కూర్చుని తానూ కలుపు మొదలెట్టాడు. గంట కొట్టేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. రెండేళ్లలో నాకు అర్థమైన మౌనం మొత్తం ఆ గంటలోనే ఉంది.

నిన్నటివాన | బుధవారం, రాత్రి 12:30

అంకుల్, నేను బీటెక్ హాస్టల్లో ఉంటాను. ఇక్కడ నిశ్శబ్దం అనేదే లేదు, కాబట్టి నాది పిచ్చి ప్రశ్న కావచ్చు. సన్యాసులు జీవితాంతం మాట్లాడబోమని ప్రతిజ్ఞ చేస్తారా? ఫ్రాన్సు కొండల్లో ఒక మఠంలో ఇప్పటికీ అలా ఉన్నారని విన్నాను.

ఆశ్రమబాట | బుధవారం, ఉదయం 5:50

తమ్ముడూ, పిచ్చి ప్రశ్న కాదు. చాలామందికి ఉన్న అపోహే. మౌనప్రతిజ్ఞ అనేది బెనెడిక్టు సంప్రదాయంలో లేదు. ఇచ్చే మాటలు వేరే: ఆ మఠంలోనే నిలకడగా ఉంటానని, మఠవాస జీవితానికి తగ్గట్టు మారుతూ ఉంటానని, విధేయుడిగా ఉంటానని. మౌనం ఒక అలవాటు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు రాసిన నియమంలో 73 అధ్యాయాలుంటే, ఆరోది మౌనం గురించి. ఆ నియమం మొత్తం మొదలయ్యేదే "విను" అన్న మాటతో.

ఆచరణలో ఎలా ఉంటుందంటే, భోజనాల దగ్గర ఒకరు పుస్తకం చదువుతారు, మిగతావాళ్లు వింటూ తింటారు. ఉప్పు కావాలంటే సైగ. నాకు మొదట్లో పళ్లెంలో నా స్పూను చప్పుడే పెద్ద రోకటిపోటులా వినిపించి సిగ్గుపడేవాణ్ణి. రాత్రి చివరి ప్రార్థన అయ్యాక పొద్దున్నదాకా పూర్తి మౌనం. అందులోనూ రెండు మినహాయింపులు పెట్టాడు ఆయన. మఠాధిపతి ఏదైనా చెప్పమంటే మాట్లాడొచ్చు, అతిథి వస్తే మాట్లాడొచ్చు. ఇంకోచోట, రాత్రి ప్రార్థనకు లేచేటప్పుడు నిద్రమత్తులో ఉన్నవాళ్లు సాకులు చెప్తారు కాబట్టి ఒకరినొకరు మెల్లగా లేపుకోమన్నాడు. ఆ "మెల్లగా" అన్న మాట రాసిన మనిషి నాకు సొంత తాతలా అనిపిస్తాడు.

నువ్వడిగిన ఫ్రాన్సు మఠం కార్తూసియన్లది. వాళ్ల గురించి పాతగ్రంథం గారు చెప్తే బాగుంటుంది.

పాతగ్రంథం | బుధవారం, ఉదయం 9:15

కార్తూసియన్ల గురించి అడిగితే నేను ఆగను, ముందే క్షమించండి.

బ్రూనో అని కొలోన్ నగరంలో పుట్టినవాడు. రీమ్స్‌లో పెద్ద విద్యాలయానికి అధిపతి. ఆ పేరు, ఆ పదవి వదిలేసి 1084లో ఆరుగురు తోడుగా ఆల్ప్స్‌లోకి వెళ్లాడు. గ్రెనోబుల్ బిషప్పు హ్యూ వాళ్లకు షార్త్రూజ్ అనే లోయలో చోటు చూపించాడు. ఏడాదిలో చాలా నెలలు మంచే. 1132లో మంచుచరియ విరుచుకుపడి తొలి కట్టడాన్ని తుడిచిపెట్టింది, ఏడుగురు పోయారు. కొంచెం కిందికి జరిగి మళ్లీ కట్టుకున్నారు. 1903లో ప్రభుత్వం వెళ్లగొడితే దేశం వదిలిపోయారు, 1940లో తిరిగి వచ్చారు. ఇప్పటికీ ఉన్నారు.

వాళ్ల "గది" మనం అనుకునే గది కాదు, చిన్న ఇల్లు. కింద కట్టెలు పేర్చుకుని వడ్రంగం చేసుకునే చోటు, ఎత్తైన గోడల మధ్య పెరడు. పైన మంచం, బల్ల, ప్రార్థనకు మోకరించే పీట. తలుపు పక్కన గోడలో చిన్న అర. భోజనం అందులో పెట్టి వెళ్లిపోతారు. మాంసం ముట్టరు. అర్ధరాత్రికి ముందే లేచి చలిలో చీకటి వరండా గుండా గుడికి వెళ్లి రెండు మూడు గంటలు కీర్తనలు పాడతారు. పగలంతా దాదాపు ఒంటరే. ఆదివారాల్లో మాత్రం కలిసి భోజనం. వారానికొకసారి కొండల్లో పొడవైన నడక, ఆ నడకలో మాట్లాడుకుంటారు. అదీ జంటలుగా, కాసేపటికొకసారి జత మార్చుకుంటూ. ప్రతివాడూ ప్రతివాడితో మాట్లాడాలని. మౌనం పాటించేవాళ్లు మాటను ఎంత పదిలంగా ఏర్పాటు చేసుకున్నారో చూడండి.

చనిపోతే పెట్టె ఉండదు. పలకమీద పెట్టి మట్టిలో దించుతారు. పైన చెక్క సిలువ, దానిమీద పేరు ఉండదు.

బ్రూనో చివరి రోజుల్లో ఇటలీలోని కలబ్రియనుంచి పాత స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఏకాంతం, మౌనం తమను ప్రేమించేవాళ్లకు ఏమిస్తాయో అనుభవించినవాళ్లకే తెలుసంటాడు. ఆ ఉత్తరంలోనే చుట్టూ ఉన్న పచ్చికబయళ్లు, సెలయేళ్లు, పండ్లచెట్ల గురించి మురిసిపోతూ రాస్తాడు. ఎక్కడా ఎండిపోయిన మనిషి కనబడడు.

రెండోకిటికీ | బుధవారం, రాత్రి 8:44

మాస్టారుగారికి నమస్కారాలు. నేను న్యూజెర్సీలో ఉంటాను, ఇద్దరు చిన్నపిల్లలు, ఆఫీసు, మామగారు మంచంమీద. పైన పోస్టులన్నీ చదివి నాకు కొంచెం కోపమొచ్చింది, కొంచెం ఏడుపొచ్చింది. గది, పెరడు, అరలో వచ్చే భోజనం! ఆ భోజనం ఎవరో వండుతారు కదా. నాకు బాత్రూములో మూడు నిమిషాలు కూడా తలుపు తట్టకుండా ఉండరు.

ఆ కోపంతోనే ఆడవాళ్ల సంగతి వెతికాను. ఎడారిలో అమ్మలు కూడా ఉన్నారు: సింక్లెటికా, సారా, థియొడోరా. సింక్లెటికా అమ్మ మాట ఒకటి పట్టుకున్నాను. కొండమీద ఉండి మనసులో సంతలో బతికేవాళ్లు చాలామంది. గుంపులో ఉంటూ మనసులో ఏకాంతంగా ఉండటం సాధ్యమే. ఒంటరిగా ఉండి తన ఆలోచనల గుంపులో బతకడమూ సాధ్యమే. ఈవిడ అలెగ్జాండ్రియాలో కలిగినింటి ఆడపిల్ల. గుంపంటే ఏమిటో తెలిసే అన్నది.

ఇంగ్లండులో నోర్విచ్ జూలియన్ ఉంది. 1373లో ముప్పై ఏళ్ల వయసులో చావుమంచంమీద దర్శనాలు చూసింది, బతికింది, తర్వాత గుడి గోడకు ఆనించి కట్టిన గదిలో జీవితాంతం ఉండిపోయింది. అలాంటి గదులకు మామూలుగా మూడు కిటికీలుండేవి. ఒకటి గుడిలోకి, ఆరాధన చూడ్డానికి. ఒకటి పనిమనిషి తిండి అందించడానికి. మూడోది వీధివైపు తెర వేసి, కష్టం చెప్పుకోవడానికి వచ్చేవాళ్ల కోసం. అంతకుముందే అలాంటి స్త్రీల కోసం రాసిన నియమాల పుస్తకంలో ఏ జంతువునూ పెంచొద్దు, పిల్లిని తప్ప అని ఉందట. ఆ ఒక్క వాక్యంతో వాళ్లు నాకు నిజమైన మనుషులైపోయారు.

నాకున్నది మధ్య కిటికీ. నేను తిండి అందించే మనిషిని. కానీ రోజూ మామగారికి పొద్దున్న గంజి పడుతున్నప్పుడు ఇద్దరం మాట్లాడం. ఆయనకు మాట పడిపోయింది. నేను ఫోను వంటింట్లో వదిలి వెళ్లడం మొదలుపెట్టి పది రోజులైంది. చెంచాకు చెంచాకు మధ్య ఆయన నా మొహంలోకి చూస్తారు. ఇన్నాళ్లూ చూస్తున్నారని నేను గమనించలేదు.

మందిరంగంట | గురువారం, ఉదయం 6:30

సిస్టర్, మీ పోస్టు మా ఇంట్లో ఆవిడకు చదివి వినిపించాను. మాస్టారూ, నా మొదటి పోస్టులో తొందరపడ్డానేమో. మనిషికి మనిషి కావాలన్న మాట వెనక్కి తీసుకోను. కానీ మా మందిరం గురించి ఆలోచించాను. మైకు, కీబోర్డు, డ్రమ్ము, స్తుతి, ప్రసంగం, మళ్లీ పాట. రెండున్నర గంటల్లో అర నిమిషం ఖాళీ ఉండదు. ఏలీయా ప్రవక్తకు గాలిలో, భూకంపంలో, అగ్నిలో కాక "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినబడిందని నేనే ఎన్నిసార్లు ప్రసంగించానో. ఆ ప్రసంగం కూడా మైకులో అరిచే చెప్పాను.

నిన్నటివాన | గురువారం, రాత్రి 11:15

అన్నయ్యలూ, అక్కా, మన దేశంలో ఇలాంటివి ఉన్నాయా? సెలవుల్లో వెళ్లొచ్చా?

ఆశ్రమబాట | శుక్రవారం, ఉదయం 6:00

ఉన్నాయి తమ్ముడూ. కేరళలో వాగమణ్ కొండలమీద కురిసుమల ఆశ్రమం, బెల్జియం నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ ఆచార్య, ఇంగ్లండు నుంచి వచ్చిన బీడ్ గ్రిఫిత్స్ 1958లో మొదలుపెట్టారు. కాషాయం కట్టుకుంటారు, సిరియా సంప్రదాయంలో ఆరాధన, పాడి పశువుల పని. తమిళనాడులో కావేరి ఒడ్డున కుళిత్తలై దగ్గర శాంతివనం ఇంకా ముందుది, 1950. వెళ్లేముందు ఉత్తరం రాసి అడుగు. ఒకటి మాత్రం చెప్తాను, ఫోను బ్యాగు అడుగున పెట్టి వెళ్తే చాలదు. మొదటి రెండు రోజులు చెయ్యి దానికోసం జేబు తడుముతుంది. తడమనీ.

పాతగ్రంథం | శుక్రవారం, మధ్యాహ్నం 12:10

ఇంకో ముక్క కలిపి ఊరుకుంటాను, ఎందుకంటే మౌనమంటే నోరు మూసుకోవడమే అనుకుని కొందరు ఇంట్లోవాళ్లను హింస పెడతారు. నేను చూశాను. ఎడారిలో పోమెన్ అనే పెద్దాయన అన్నాడు, ఒకడు మౌనంగా కనిపిస్తాడు గానీ మనసులో అందరికీ తీర్పు తీరుస్తూ ఉంటాడు, వాడు ఆపకుండా వాగుతున్నట్టే. ఇంకొకడు పొద్దుట్నుంచి రాత్రిదాకా మాట్లాడతాడు, పనికొచ్చేది తప్ప మాట్లాడడు కాబట్టి వాడు మౌనంలోనే ఉన్నాడు. నైట్‌డ్యూటీ గారు వార్డులో రాత్రంతా "నొప్పి ఉందా, నీళ్లు కావాలా" అని అడుగుతూ తిరుగుతారు కదా, పోమెన్ లెక్కలో ఆవిడ మౌని.

ఎడారిలో అతిథి వస్తే ఉపవాసం కూడా పక్కన పెట్టేసేవారు. ఉపవాసం ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది, నువ్వు వెళ్లిపోతావు కదా అన్నాడట ఒక పెద్దాయన, చూడవచ్చిన కాసియన్ అనే సన్యాసితో.

కొబ్బరితోట | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 7:20

ఆలస్యమైంది, మన్నించండి. అందరి పోస్టులూ కాగితంమీద రాసుకున్నాను. పాత అలవాటు.

తెలుగు పంతుల్ని గనక మాటలు పట్టుకుని కూర్చున్నాను. మనకు ఒంటరితనం అనీ ఏకాంతం అనీ రెండు మాటలున్నాయి. ఏకాంతంలో "అంతం" ఉంది, అంటే కొస, గురి. ఒకే గురి ఉన్న చోటు అని నేను చెప్పుకున్నాను. గ్రీకులో సన్యాసిని మొనాఖోస్ అంటారని, ఒక్కడు అని అర్థమని చదివాను. నేను ఒక్కణ్ణే గానీ నాకు గురి లేకపోయింది. పోయిన మనిషి వైపు ఒక కన్ను, డాలస్ వైపు ఒక కన్ను.

ఎవాగ్రియస్ గారి మాట ప్రకారం మధ్యాహ్నం పదకొండింటికి వీధిగుమ్మానికి వెళ్లడం మానేశాను. తాటాకులు అల్లడం నాకు రాదు. కొబ్బరాకులున్నాయి పెరట్లో, మా ఆవిడ ఈనెలు చీరి చీపుర్లు కట్టేది. ఆవిడ కత్తి గూట్లోనే ఉంది. పీట వేసుకుని ఈనెలు చీరడం మొదలుపెట్టాను. మొదటి రోజు వేలు తెగింది. ఒక ఆకు, ఒక కీర్తన వాక్యం. పన్నెండు దాకా ఏమీ రాలేదు, దేవుడూ రాలేదు, దయ్యమూ రాలేదు. తర్వాత గట్టిగా ఏడుపొచ్చింది. ఆయన ఏడవమన్నాడు గనక ఏడ్చాను. ఆరు నెలల్లో గొంతు విప్పి ఏడవడం అదే మొదలు. ఇంట్లో ఎవరూ లేకపోబట్టే సాధ్యమైంది.

రెండో వారంలో ఒకరోజు ఈనె చీరుతుంటే ఆవిడ కీర్తన నా నోట్లోంచి వచ్చింది. నేను పాడేవాణ్ణి కాదు ఎప్పుడూ. రెండో చరణం నాకు వచ్చని కూడా నాకు తెలియదు.

పోయిన బుధవారం సరిగ్గా పదకొండున్నరకు తలుపు తట్టిన చప్పుడు. పక్కింటి కుర్రాడు, తొమ్మిదో తరగతి, వ్యాకరణం పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. పరీక్షట. నా గంట పోతుందని ఒక్క క్షణం విసుగొచ్చింది. అతిథి వస్తే మాట్లాడొచ్చన్న బెనెడిక్టు గారు గుర్తొచ్చారు. ఈనెలు పక్కకు జరిపి చాప వేశాను. సవర్ణదీర్ఘం అయిపోయింది, గుణసంధి దగ్గర ఆగాం. రోజూ వస్తున్నాడు. వాడికి చీపురు కట్టడం చూడ్డం వ్యాకరణం కంటే ఇష్టంగా ఉంది.

ఫ్రిజ్జు మోత ఇంకా వినబడుతోంది. అది ఆగినప్పుడు దూరంగా కాలవగట్టుమీద ఇంజను చప్పుడు, పైన కొబ్బరి మట్ట గోడకు రాసుకునే చప్పుడు కూడా ఉన్నాయని ఇప్పుడు తెలిసింది.

మందిరంగంట | ఆదివారం, రాత్రి 8:02

మాస్టారూ, ఈ ఉదయం ఆరాధనలో ప్రసంగం తర్వాత రెండు నిమిషాలు ఏ శబ్దం లేకుండా కూర్చుందామన్నాను. కీబోర్డు తమ్ముడికి ముందే చెప్పిపెట్టాను. ఫ్యాన్లు, ఒక చంటిపిల్ల, బయట ఆటో. రెండు నిమిషాలు చాలా పొడుగ్గా ఉన్నాయి. అయిపోయాక వెనక బెంచీలో ఒకామె వచ్చి, "అయ్యగారూ, వచ్చే వారం కూడా ఉంటుందా?" అని అడిగింది.

నైట్‌డ్యూటీ | ఆదివారం, రాత్రి 9:31

సార్, అంత చదివిన. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. గని బీపీ సంగతి రాయనే లేదు మీరు.

కొబ్బరితోట | ఆదివారం, రాత్రి 9:40

చూపించుకున్నానమ్మా, 150కి 90 ఉంది. మాత్ర మార్చారు. రాత్రి పాలతో పాటు రెండు ఇడ్లీలు కూడా తింటున్నాను.